సేఫ్‌క్లిక్ ఎవరికి సేఫ్?

బ్రౌజర్ టెస్టుల (వెబ్‌సైట్‌ని యూజర్‌లాగే నొక్కి చూసే ప్రోగ్రాముల) రివ్యూల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కామెంట్ ఏదంటే తడుముకోకుండా చెప్పగలను: "ఈ లైన్లు వేరే టెస్టుల్లో కూడా ఉన్నాయి, హెల్పర్‌లో పెట్టేయండి." (హెల్పర్ అంటే చాలా టెస్టులు పిలిచి వాడుకునే ఉమ్మడి ఫంక్షన్.) ఈమధ్య మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రాసిన టెస్ట్ మీద కూడా ఇదే పడింది. ఆ టెస్ట్ కాస్త పొడుగే, కాదనను. కానీ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే యూజర్ ఏం చేస్తున్నాడో కళ్లకు కట్టినట్టు ఉంది: లాగిన్ అయ్యాడు, ఒక వస్తువు కార్ట్‌లో వేశాడు, కూపన్ కొట్టాడు, మొత్తం తగ్గిందో లేదో చూసుకున్నాడు. కామెంట్ ప్రకారం మార్చాక టెస్ట్ చిన్నదైపోయింది. మొదటి లైన్ ఇదీ: ప్రిపేర్‌కార్ట్(ట్రూ, ఫాల్స్, నల్, ట్రూ). ఆ ఫాల్స్ దేనికి? కూపన్ వద్దనా, గెస్ట్ యూజర్ కాదనా? నాకు తెలియలేదు సరే, రాసినామెకి కూడా హెల్పర్ ఫైల్ తెరిస్తే తప్ప గుర్తు రాలేదు. రివ్యూ మాత్రం వెంటనే అప్రూవ్ అయిపోయింది.

అప్పట్నుంచి ఈ సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. హెల్పర్ ఫంక్షన్లంటే నాకేమీ ఒళ్లుమంట లేదు, రోజూ రాస్తూనే ఉంటాను. నా గొడవల్లా "రెండు చోట్ల ఉంది కాబట్టి తీసేయాలి" అన్న కారణంతోనే. మామూలు అప్లికేషన్ కోడ్‌లో ఆ కారణం చాలావరకు చెల్లుతుంది. అక్కడా ప్రతిసారీ కాదు, తప్పుడు అబ్‌స్ట్రాక్షన్ (ఉమ్మడిగా ఒకచోటికి తీసిన కోడ్) కంటే డూప్లికేషనే ఎంతో చవక అని ప్రోగ్రామర్, రచయిత్రి శాండీ మెట్జ్ 2014లోనే రూబీ భాష వాళ్లకి చెప్పారు. టెస్ట్ కోడ్ సంగతి ఇంకా వేరు. టెస్టులకి టెస్టులుండవు. అవి సరిగ్గా ఉన్నాయో లేదో ప్రధానంగా తేల్చేది చదివే మనిషే. చదవడానికి వీల్లేకుండా చేశాక ఇంక దాన్ని నమ్మేదెలా?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే ముక్క. హెల్పర్ ఉండేది టెస్ట్‌ని చదివించడానికి, పాస్ చేయించడానికి కాదు. ఆ రెండో పని నెత్తినేసుకున్న హెల్పర్‌ని ఎంత ముచ్చటగా రాసినా సరే, తీసి అవతల పెట్టాల్సిందే.

సేఫ్‌క్లిక్ లోపల

కొన్నేళ్లుగా సెలీనియంతో (బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే టూల్‌తో) నడుస్తున్న ఏ ప్రాజెక్టుకి వెళ్లినా యుటిల్స్ అనో కామన్ అనో ఒక ఫైలుంటుంది. అందులో సేఫ్‌క్లిక్ లాంటిది ఒకటి ఉండి తీరుతుంది, పేరు కాస్త అటూఇటూ మారొచ్చు. నేను దగ్గరగా చూసినది ఇలా ఉండేది. ముందు మామూలుగా క్లిక్ చేస్తుంది. ఎర్రర్ వస్తే రెండు సెకన్లు నిద్రపోయి మళ్లీ క్లిక్ చేస్తుంది. కాకపోతే బటన్ దాకా స్క్రోల్ చేసి మళ్లీ ఇంకోసారి. అప్పటికీ మొండికేస్తే జావాస్క్రిప్ట్‌తో నేరుగా ఆ ఎలిమెంట్ క్లిక్ మెథడ్‌నే పిలిచేస్తుంది. అదీ కుదరకపోతే ఎర్రర్‌ని పట్టుకుని, లాగ్‌లో ఒక లైన్ రాసి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేస్తుంది.

గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పాత కమిట్లు తిరగేస్తే ఒక్కో మెట్టు వెనకా ఒక్కో రిలీజ్ టెన్షన్ కనిపిస్తుంది. బిల్డ్ ఎర్రగా ఉంది (అంటే టెస్టులు ఫెయిలవుతున్నాయి), పొద్దున్నకల్లా పచ్చబడాలి, ఎవరో ఒకరు ఎర్రర్‌ని పట్టుకునే ఒక ట్రై-క్యాచ్ చేర్చారు. వాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ మెట్లన్నీ కలిసి ఏం చేశాయో చూడండి.

పేమెంట్ పేజీలో కుకీల అనుమతి అడిగే పట్టీ ఒకటి కొత్తగా వచ్చింది. చిన్న స్క్రీన్లలో అది సరిగ్గా పేమెంట్ బటన్ మీద కూర్చుంది, దాన్ని మూసే గుర్తేమో స్క్రీన్ అవతలికి పోయింది. ఫోన్‌లో డబ్బు కట్టడం ఎవరివల్లా కావట్లేదు. మా టెస్టులు ఫోన్ స్క్రీన్ సైజులో కూడా రోజూ రన్ అవుతున్నాయి, రోజూ పాసవుతున్నాయి. తర్వాత లాగ్ తవ్వితే తెలిసిందేమిటంటే, క్లిక్ పడాల్సిన చోట ఇంకేదో అడ్డంగా ఉందని వెబ్‌డ్రైవర్ (సెలీనియం బ్రౌజర్‌తో మాట్లాడే పద్ధతి) మొదటి క్లిక్కులోనే చెప్పింది. ఎలిమెంట్ క్లిక్ ఇంటర్‌సెప్టెడ్ అన్న ఎర్రర్ అది. 2018లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ రికమండేషన్‌గా వచ్చిన వెబ్‌డ్రైవర్ స్పెసిఫికేషన్‌లో ఉన్నదే, సరిగ్గా ఇలాంటి సందర్భం కోసమే పెట్టినది. సేఫ్‌క్లిక్ దాన్ని గుటుక్కున మింగి జావాస్క్రిప్ట్ దారిలో వెళ్లిపోయింది. జావాస్క్రిప్ట్ క్లిక్‌కి బటన్ మీద ఏముందో పట్టదు, వేలు పెట్టి నొక్కడానికి వీలుందో లేదో అసలే పట్టదు. బగ్‌ని బ్రౌజర్ పట్టిచ్చింది, హెల్పర్ వదిలేసింది. మాకు తెలిసింది కస్టమర్ల కంప్లైంట్లు వచ్చాకే.

ఇది సెలీనియం రోజుల గొడవ, ఇప్పుడు లేదు అంటారేమో. కొత్త తరం టెస్ట్ టూల్ ప్లేరైట్ క్లిక్ చేసేముందు తనంతట తనే చాలా చూసుకుంటుంది: ఎలిమెంట్ కనిపిస్తోందా, కదలకుండా ఉందా (వరసగా రెండు యానిమేషన్ ఫ్రేముల్లో ఒకే చోట ఉంటే కదలట్లేదని లెక్క), డిజేబుల్ అయి ఉందా, క్లిక్ దానికే తగులుతుందా అని. నిజంగా మంచి పని. కానీ ఫోర్స్ అనే ఆప్షన్‌ని ట్రూ చేస్తే వీటిలో ముఖ్యమైనవి పక్కకి పోతాయి. సైప్రెస్ అనే ఇంకో టూల్‌లోనూ ఆ పేరుతోనే ఉంది. ఫోర్స్ వాడకూడదని కాదు, ఎప్పుడో ఒకసారి కావాలి. అది టెస్ట్‌లో నేరుగా కనిపిస్తే రివ్యూలో ఎవరో ఒకరు "ఇక్కడ ఫోర్స్ ఎందుకు?" అని అడుగుతారు. హెల్పర్ లోపల ఉంటే అడిగిన పాపాన ఎవరూ పోరు. ఒకరు ఒక టెస్ట్ కోసం తీసుకున్న నిర్ణయం, ఆ హెల్పర్‌ని పిలిచే ప్రతి టెస్ట్‌కీ చెప్పాపెట్టకుండా అంటుకుంటుంది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే.

సేఫ్‌క్లిక్‌కి ఒక చెల్లెలుంది: "పాపప్ కనిపిస్తే మూసెయ్" అనే హెల్పర్. చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటుందో. ప్లేరైట్‌లో ఈజ్‌విజిబుల్ అని అడిగితే అది ఆగదు, ఆ క్షణంలో ఉన్న సంగతి చెప్పి ఊరుకుంటుంది. పాపప్ అరసెకను ఆలస్యంగా వస్తే హెల్పర్ "లేదు" అనుకుని వెళ్లిపోతుంది, తర్వాతి లైన్ నడుస్తుండగా పాపప్ ఊడిపడుతుంది. దీనికి మందు ఆ హెల్పర్‌లో ఇంకో వెయిట్ చేర్చడం కాదు. టెస్ట్ మొదలయ్యేముందే ఆ కుకీని సెట్ చేసేసి పాపప్ రాకుండా చూడటం, పాపప్ కోసమే విడిగా ఒక టెస్ట్ రాయడం. ఉంటే ఒకటి, లేకపోతే ఇంకోటి అనే టెస్ట్ దేన్ని పరీక్షిస్తున్నట్టు?

ఫెయిలైన పొద్దున్న

టెస్ట్‌ని రాసేటప్పుడు ఒకరు చదువుతారు, రివ్యూలో ఇంకొకరు. అసలు చదువు మాత్రం అది ఫెయిలైన పొద్దున్నే మొదలవుతుంది, ఆ చదివేది దాన్ని రాసినవాళ్లు కాదు. నాకు హెల్పర్ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకలేదు. లైన్లు ఎన్ని తగ్గాయని కాదు, ఫెయిలైనప్పుడు రిపోర్ట్ ఏమంటుందో చూడాలి.

చాలా ప్రాజెక్టుల్లో ఆ రిపోర్ట్ ఇలా ఉంటుంది: "టైమౌట్, 30 సెకన్లు, యుటిల్స్ ఫైలు, 212వ లైన్." ఆ లైన్‌కి వెళ్తే వెయిట్‌ఫర్‌ఎలిమెంట్ అనే హెల్పర్. దాన్ని పిలిచింది ఫిల్‌ఫామ్, ఫిల్‌ఫామ్‌ని పిలిచింది క్రియేట్‌యూజర్, క్రియేట్‌యూజర్‌ని పిలిచింది సెటప్. స్టాక్ ట్రేస్ కొండవీటి చాంతాడంత ఉంటుంది, కావాల్సిన ముక్క మాత్రం అందులో ఉండదు. ఏ ఫీల్డ్ దగ్గర ఆగింది? ఏ యూజర్‌తో? స్క్రీన్‌షాట్ చూస్తే తెల్లటి పేజీ. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? రీరన్ బటన్ నొక్కుతాడు. పాసైతే ఫ్లేకీ (ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేది) అని పేరు పెట్టి పనిలో పడిపోతాడు. టెస్టుల మీద టీమ్‌కి నమ్మకం పోయేది ఇలాగే, ఎవరూ కూర్చుని నిర్ణయించుకుని కాదు.

దీనికి టూల్స్‌లో కొంత సాయం ఉంది, ఎందుకో పెద్దగా ఎవరూ వాడరు. పైథాన్ టెస్ట్ టూల్ పైటెస్ట్‌లో హెల్పర్ లోపల ట్రేస్‌బ్యాక్‌హైడ్ అనే వేరియబుల్‌ని ట్రూ చేస్తే (ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లతో) ఆ ఫ్రేమ్‌ని రిపోర్ట్‌లో దాచి, దాన్ని పిలిచిన లైన్‌ని చూపిస్తుంది. ప్లేరైట్‌లో టెస్ట్.స్టెప్‌కి బాక్స్ ఆప్షన్ ఇస్తే ఎర్రర్ హెల్పర్ లోపల కాకుండా పిలిచిన చోటే కనిపిస్తుంది. వీటితో పాటు హెల్పర్ తన ఎర్రర్ మెసేజ్‌లో "ఫలానా ఆర్డర్ నంబర్ లిస్టులో కనబడాలి, లిస్టులో ఉన్నవి ఇవి" అని చెప్తే రీరన్ నొక్కాల్సిన అవసరం సగం తగ్గుతుంది. ఇంత శ్రద్ధ పెట్టలేకపోతే ఆ లైన్లు టెస్ట్‌లోనే ఉండనివ్వడం నయం. కాపీ చేసిన నాలుగు లైన్లయినా ఏ లైన్ విరిగిందో చెప్తాయి.

వెయిట్ ఎవరి పని

ఇక్కడ నాకే పూర్తిగా తెగని విషయం ఒకటుంది. పేజ్ ఆబ్జెక్టుల్లో (ఒక్కో పేజీ హెల్పర్లని ఒకచోట పెట్టే క్లాసుల్లో) అసర్షన్లు (ఫలితం సరైనదో కాదో తేల్చే చెక్కులు) ఉండకూడదని సెలీనియం డాక్యుమెంటేషన్ చెప్తుంది, పేజీ సరిగ్గా లోడైందో లేదో చూసే ఒక్క చెక్ తప్ప. సాఫ్ట్‌వేర్ రచయిత మార్టిన్ ఫౌలర్ కూడా 2013లో రాసిన వ్యాసంలో అసర్షన్లు బయటే ఉండాలన్న వైపే మొగ్గారు. టెస్ట్ దేన్ని పరీక్షిస్తోందో టెస్ట్‌లోనే కనబడాలి కాబట్టి నేనూ అటే.

కానీ యాడ్‌టుకార్ట్ అనే హెల్పర్‌ని తీసుకోండి. బటన్ నొక్కి వెంటనే తిరిగొచ్చేసిందనుకుందాం. సర్వర్‌కి రిక్వెస్ట్ ఇంకా దారిలోనే ఉంది. తర్వాతి లైన్ కార్ట్ పేజీకి వెళ్లిపోయింది, అక్కడ కార్ట్ ఖాళీ. మన లాప్‌టాప్‌లో ఎప్పుడూ పాసవుతుంది, పైప్‌లైన్‌లో (టెస్టులు ఆటోమేటిక్‌గా నడిచే చోట) అప్పుడప్పుడు ఫెయిలవుతుంది. కాబట్టి హెల్పర్ తను మొదలుపెట్టిన పని పూర్తయ్యేదాకా ఆగాలి, అంటే కార్ట్ గుర్తు పక్కన అంకె పెరిగేదాకా. అంకె పెరగడం కోసం ఎదురుచూసి, పెరగకపోతే ఎర్రర్ ఇవ్వడం అంటే అసర్షన్ కాక మరేమిటి?

చాలా రోజులు దీని మీద వాదించుకున్నాం. ఇప్పటికి నేను కుదుర్చుకున్న రాజీ ఇది. పని జరిగిందా లేదా అని చూడటం హెల్పర్ బాధ్యత, జరిగిన పని సరైనదా కాదా అని చూడటం టెస్ట్ బాధ్యత. అంకె పెరిగేదాకా ఆగడం హెల్పర్‌లో ఉంటుంది, ధర సరిగ్గా పడిందా అన్నది టెస్ట్‌లో ఉంటుంది. గీత ఎప్పుడూ ఇంత శుభ్రంగా పడదు. అసలు ఆ అంకె గురించే టెస్ట్ రాస్తున్నప్పుడు ఈ హెల్పర్ వాడితే టెస్ట్‌లో అసర్షనే మిగలదు, అప్పుడు నేను హెల్పర్ వాడకుండా లైన్లన్నీ విడిగా రాస్తాను. మా టీమ్‌లో ఒకాయనకి ఇది అస్సలు నచ్చదు, "హెల్పర్ ఉండగా ఎందుకు?" అంటాడు. నా లెక్కలో, దేన్ని పరీక్షిస్తున్నామో దాన్ని హెల్పర్ చేతికి ఇవ్వకూడదు, మిగతావన్నీ ఇవ్వొచ్చు.

వెయిట్ల గురించి ఇంకో మాట. సెలీనియంలో ఇంప్లిసిట్ వెయిట్‌నీ (ఏ ఎలిమెంట్‌ని వెతికినా వర్తించేది) ఎక్స్‌ప్లిసిట్ వెయిట్‌నీ (ఒక ఫలానా షరతు నెరవేరేదాకా ఆగేది) కలపొద్దని డాక్యుమెంటేషన్ గట్టిగానే హెచ్చరిస్తుంది. 10 సెకన్ల ఇంప్లిసిట్, 15 సెకన్ల ఎక్స్‌ప్లిసిట్ పెడితే టైమౌట్ 20 సెకన్లకి రావొచ్చని ఉదాహరణ కూడా ఇస్తుంది. ఈ రెండిటినీ కావాలని కలిపినవాళ్లని నేను చూడలేదు. డ్రైవర్‌ని తయారుచేసే హెల్పర్‌లో ఒకరు ఇంప్లిసిట్ పెడతారు, క్లిక్ హెల్పర్‌లో ఇంకొకరు ఎక్స్‌ప్లిసిట్ పెడతారు, టెస్ట్ రాసేవాళ్లకి రెండూ కనబడవు.

అయితే అన్నీ టెస్ట్‌లోనే రాయాలా

అవతలి వాదన బలహీనమైనదేం కాదు. పెద్ద ప్రాజెక్టులో లాగిన్ బటన్ పేరు మారితే ఎన్ని ఫైళ్లు మార్చాలో ఒకసారి అనుభవిస్తే హెల్పర్ల మీద భక్తి దానంతటదే పుట్టుకొస్తుంది. నాకు అలాంటి భక్తి కలిగించింది తేదీ ఎంచుకునే క్యాలెండర్. మేం వాడే హెల్పర్ నెల పేరు కలిసేదాకా బాణం నొక్కి, ఆ తర్వాత గడుల్లో అంకె వెతికి నొక్కుతుంది. అది కొన్ని తేదీల్లోనే ఫెయిలయ్యేది. క్యాలెండర్‌లో మొదటి వరసలో పోయిన నెల 30, 31 కూడా బూడిద రంగులో కనిపిస్తాయి కదా, హెల్పర్ 30 కోసం వెతికితే ముందు దొరికేది అదే. దాన్ని ఒక్క చోట సరిచేస్తే తేదీ వాడే టెస్టులన్నీ బాగుపడ్డాయి. ఆ లైన్లన్నీ ప్రతి టెస్ట్‌లో విడివిడిగా ఉండుంటే కొన్నింటిలో ఆ బగ్ ఇంకా బతికే ఉండేది. ఈ హెల్పర్ ఏదీ దాచలేదని గమనించండి. టెస్ట్‌లో తేదీ కనిపిస్తోంది, దాన్ని ఎలా నొక్కాలన్న గోల మాత్రం లోపలికి పోయింది. తేదీ దొరక్కపోతే దొరకలేదని అరుస్తుంది.

లాగిన్ కూడా అంతే. ప్రతి టెస్ట్ లాగిన్ ఫామ్ నింపుకుంటూ కూర్చోవడం శుద్ధ దండగ. ప్లేరైట్‌లో స్టోరేజ్ స్టేట్, సైప్రెస్‌లో సెషన్ ఉన్నవి ఇందుకే: ఒకసారి లాగిన్ అయి ఆ కుకీల్ని దాచుకుని వాడుకోవడం. ఇంకాస్త ముందుకెళ్లి 2019లో సైప్రెస్ బ్లాగులో గ్లెబ్ బహ్ముతోవ్, పేజ్ ఆబ్జెక్టులు మానేసి అప్లికేషన్ సొంత ఫంక్షన్లనే పిలిచి స్టేట్ సిద్ధం చేసుకోండి అని వాదించారు. సెటప్ వరకు ఆ మాటతో నాకు పేచీ లేదు. లాగిన్‌ని పరీక్షించే టెస్ట్ ఎక్కడో ఒకటి ఫామ్ నింపుతూ ఉన్నంతకాలం.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. ప్లేరైట్ తనంతట తాను ఆగి, మళ్లీ ప్రయత్నించి క్లిక్ చేస్తుంది. సైప్రెస్ ఎలిమెంట్ దొరికేదాకా మామూలుగా 4 సెకన్ల పాటు వెతుకుతుంది. మరి అవీ సేఫ్‌క్లిక్కులే కదా, వాళ్లు రాస్తే గొప్ప, మనం రాస్తే చెత్తా? కొంతవరకు నిజమే. తేడా ఎక్కడుందంటే, అవి యూజర్ కూడా ఆగే చోటే ఆగుతాయి. బటన్ ఇంకా రాకపోతే మనిషి కూడా ఆగుతాడు, కదులుతుంటే ఆగుతాడు. మనిషి చేయలేనిది అవి మామూలుగా చేయవు. గడువు దాటితే ఏం అడ్డమొచ్చిందో చెప్పి ఫెయిలవుతాయి. మన సేఫ్‌క్లిక్ మూడో మెట్టు దాకా ఇంచుమించు మర్యాదగానే ఉంది, నాలుగో మెట్టులో మనిషికి సాధ్యం కానిది చేసింది, ఐదో మెట్టులో అబద్ధమాడింది.

కోడ్ రాసిపెట్టే ఏఐ అసిస్టెంట్లు వచ్చాక ఇంకో తలనొప్పి మొదలైంది. ఉన్న హెల్పర్‌ని వెతక్కుండా ప్రతి ఫైల్లో కొత్తది పుట్టిస్తాయి, ఫెయిలైన టెస్ట్ ఇచ్చి బాగుచెయ్యమంటే ట్రై-క్యాచ్‌తోనో ఫోర్స్‌తోనో పచ్చ చేసి చేతిలో పెడతాయి. మనుషులు రాత్రిళ్లు చేసిన పనినే అవి పట్టపగలు చేస్తున్నాయి, అంతే తేడా.

ఇప్పటికే ఉన్న సేఫ్‌క్లిక్‌ని ఏం చేయాలన్నది వేరే కథ. ఒక్కసారిగా తీసేస్తే బిల్డ్ మొత్తం ఎర్రబడుతుంది, మేనేజర్ రివర్ట్ చేయమంటాడు, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మేం ముందు చివరి మెట్టు, అంటే ఎర్రర్‌ని మింగేసే క్యాచ్ ఒక్కటే తీసేశాం. తర్వాత జావాస్క్రిప్ట్ క్లిక్ దాకా వెళ్లిన ప్రతిసారీ టెస్ట్ పేరు, అడ్డొచ్చిన ఎలిమెంట్ రిపోర్ట్‌లో పడేలా చేశాం, టెస్ట్‌ని మాత్రం ఇంకా ఫెయిల్ చేయకుండా. ఆ జాబితా చూసి నాకు ఆశ్చర్యం వేసింది. ఎక్కువ టెస్టులకి అసలు మొదటి క్లిక్కే సరిపోతోంది, సేఫ్‌క్లిక్ అక్కర్లేదు. మిగిలినవాటిలో కొన్ని తప్పుడు లొకేటర్లు (ఎలిమెంట్‌ని వెతకడానికి రాసే గుర్తులు), పేజీలో కనబడని ఇంకో బటన్‌ని పట్టుకున్నవి. కొన్ని నిజం బగ్గులు, వాటికి టికెట్లు తెరిచాం. అవి క్లోజవుతున్న కొద్దీ జావాస్క్రిప్ట్ మెట్టుని ఒక్కో ఫోల్డర్‌లోంచి తీసేస్తున్నాం. కొత్త కోడ్‌లో ఎవరైనా ఆ ఫంక్షన్‌ని పిలిస్తే లింట్ రూల్ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా తనిఖీ చేసే నియమం) ఆపేస్తుంది. రిపోర్ట్స్ పేజీ ఫోల్డర్ మాత్రం ఇంకా అలాగే ఉంది. అక్కడ టేబుల్ మీద లోడింగ్ తెర ఎప్పుడు తొలగుతుందో ఫ్రంటెండ్ వాళ్లకే సరిగ్గా తెలియదు. అది తేలేదాకా ఆ ఫోల్డర్‌ని ముట్టుకోవద్దని అనుకున్నాం.